గడపకు అటూ ఇటూ



2024 జూలై 19, శుక్రవారం. తొలి ఏకాదశి వెళ్ళిన రెండోనాడు. ఆ రోజు మన శంషాబాదు నుంచి కలకత్తా వెళ్ళే విమానానికి చేత్తో రాసిన బోర్డింగు పాసు ఇచ్చారు. ఆ చీటీ ఫొటో దేశమంతా తిరిగింది, మీరూ చూసే ఉంటారు. ప్రపంచంలో చాలాచోట్ల విమానాలు ఆగినవి, బ్యాంకులు ఆగినవి, కొన్ని ఆసుపత్రుల్లో పనులు ఆగినవి. కంప్యూటర్లు నీలం ముఖం పెట్టి కూర్చున్నాయి. అట్లా కూర్చున్నవి 85 లక్షల దాకా ఉంటాయని మైక్రోసాఫ్టు వాళ్ళు లెక్క చెప్పారు.

ఎవరో దొంగ జొరబడ్డాడు కాబోలు అనుకున్నాను. కాదట! దొంగలు రాకుండా పెట్టుకున్న కాపలావాడే కాలు జారి పడ్డాడట. క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ, కంప్యూటర్లకు కాపలా ప్రోగ్రాములు తయారుచేసేది, ఆ ఉదయం మన టైము 9 గంటల 39 నిమిషాలకు తన ప్రోగ్రాముకు ఒక చిన్న ఫైలు పంపింది. చదవవలసిన గడులు 21 ఉంటాయని ఒకచోట రాసి ఉంది. అందించినవి 20. ఆ 21వ గడి కోసం చెయ్యి చాచేసరికి తనది కాని చోటు తగిలింది. యంత్రం కూలింది. గంటా పద్దెనిమిది నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కు తీసుకున్నారు గాని, అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి చేత్తో లేపవలసి వచ్చింది.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. నా ఫోనులో పాటల ప్రోగ్రాము అప్పుడప్పుడు చటుక్కున ఆగిపోతుంది. అది ఒక్కటే పోతుంది, ఫోనంతా పడిపోదు గదా! మరి ఈ కాపలా ప్రోగ్రాము పడితే యంత్రమంతా ఎందుకు పడాలి? హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సెలవుకు వచ్చినప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇదే అడిగాను. "అది గడపకు లోపల ఉండే ప్రోగ్రామమ్మా, నీ పాటలది గడపకు బయట ఉండేది" అన్నది. ఆ గడప ఏమిటి, ఎప్పుడు కట్టారు, దాన్ని దాటి సామాను ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది అన్నదే ఈనాటి నా ప్రసంగం.

పదో తరగతితో చదువు ఆపినదానికి ఇదంతా ఎందుకు అనకండి. మా పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబగారు ఏ బడికీ పోకుండానే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి పక్కన కూర్చుని చదువు నేర్చుకుని, దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలన్నీ తెలుగులో రాశారు. ఆ తమ్ముడే తరువాత విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్రాల పుస్తకాలు తెలుగులో అచ్చువేయించారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో పుట్టినదాన్ని, ఆ మాత్రం ధైర్యం నాకూ ఉండాలి.

హద్దులు, చౌకీలు అంటే మావైపు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మునగాల పరగణా 1959 దాకా మన కృష్ణా జిల్లాలోదే, నందిగామ తాలూకాకు చేరినది. చుట్టూ మాత్రం నైజాము నేల. అక్కడినుంచి నందిగామ కచేరీకి రావాలంటే పరాయి రాజ్యం తొక్కి రావలసిందే. మా ముసలివాళ్ళు నైజాము కరోడ్‌గిరీ చౌకీల సంగతి కథలుగా చెప్పేవారు. మూటలో ఏముంది, ఎవరికి, ఎంత, అన్నీ విప్పి చూసేవారట. ఇప్పుడు రెండు రాష్ట్రాలయ్యాక మళ్ళీ మన గరికపాడు దగ్గర చెక్‌పోస్టు వచ్చింది.

కాని కంప్యూటరు గడపకు చౌకీకన్నా మన పాతకాలపు కొట్టు గదే బాగా సరిపోతుంది. ఉమ్మడి కుటుంబాల్లో కొట్టు గది తాళాలగుత్తి అత్తగారి బొడ్లో ఉండేది. కోడళ్ళు ఎంతమంది ఉన్నా లోపలికి పోవటానికి లేదు. గడప ఇవతల నిలబడి, ఫలానా గిన్నెలో, ఇన్ని సోలలు అని అడగాలి. అత్తగారు కొలిచి తెచ్చి గిన్నెలో పోస్తుంది. కంప్యూటరులో ఆ అత్తగారి పేరు కెర్నెలు. వేరుశనక్కాయ ఒలిస్తే లోపల ఉండే పప్పును ఇంగ్లీషులో అట్లాగే అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ అనే కాయలో లోపలి పప్పు అన్నమాట. మనం వాడే ప్రోగ్రాములన్నీ కోడళ్ళు. డిస్కులో ఉన్నది చదవాలన్నా, తెరమీద అక్షరం పడాలన్నా, ఇంకో యంత్రానికి కబురు పంపాలన్నా అత్తగారిని అడగాల్సిందే.

మొదట్లో ఈ గడపే లేదు. ఒక యంత్రం, ఒకసారికి ఒకరి పని, అది అయ్యాక ఇంకొకరిది. తగాదాకు తావేదీ? ఒకే యంత్రం మీద చాలామంది ఒకేసారి పనిచేయాలన్న కోరిక పుట్టాక చిక్కు వచ్చింది. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యాలయంలో కోర్బటో అనే ఆయన 1961లో అటువంటి పద్ధతి చేసి చూపించారు. ఐ.బి.ఎం. యంత్రానికి రెండు మెమొరీలు తగిలించి, ఒకటి పెత్తనం చేసే ప్రోగ్రాముకు, రెండోది వాడుకునేవాళ్ళకు అని విడదీశారు. 1962 డిసెంబరులో ఇంగ్లండులోని మాంచెస్టరులో ప్రారంభమైన అట్లాస్ యంత్రంలోనూ పెత్తందారు ప్రోగ్రాముకు వేరే చోటు ఇచ్చారు. గోడ కట్టటం అయితే అయింది. కాని గోడ కట్టినంత మాత్రాన ఇల్లు నడుస్తుందా? అటు వస్తువు ఇటు రావాలి, ఇటుది అటు పోవాలి. కష్టమంతా అక్కడ ఉంది.

కోర్బటోగారి యంత్రంలోనే ఒక తమాషా జరిగింది, ఆయనే తరువాత చెప్పుకున్నారు. ఉద్యోగులిద్దరు ఒకే సమయంలో, ఒకరు అందరి రహస్య సంకేతాల జాబితా, మరొకరు అందరికీ చూపించే ఆనాటి ప్రకటన దిద్దుతున్నారు. లోపల ఇద్దరి చిత్తుకాగితాలకూ ఒకటే పేరు. అటుదిటు అయింది. ఆ పూట యంత్రం ముందు కూర్చున్న ప్రతివారికీ ప్రకటనకు బదులు అందరి రహస్యాలూ కనిపించాయి!

1969లో బెల్ లాబొరేటరీలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనేవారు యూనిక్స్ మొదలుపెట్టారు. (సరిగ్గా అదే సంవత్సరం మన హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. వాళ్ళు ట్రాంబేలో రూపొందించిన టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేశారు. చెప్పుకోదగ్గ మాట కనుక చెబుతున్నాను.) యూనిక్స్‌కు మొదట దొరికిన చిన్న యంత్రాల్లో గోడే లేదు. ఒకరి కొత్త ప్రోగ్రాము చెడితే గదిలో అందరి పనీ పోయేది. అందుకని కొత్తది నడిపేముందు గట్టిగా కేకవేసి హెచ్చరించేవారట, మేడమీదినుంచి బూడిదనీళ్ళు పోసేముందు మనం కింద ఎవరని కేకవేసినట్టు! తరువాత పి.డి.పి.-11/45 అనే గోడ ఉన్న యంత్రం వచ్చింది. అవతలి పక్కనుంచి ఒక ముక్క తెచ్చుకోవటానికి, అవతలికి ఒక ముక్క ఇవ్వటానికి ఆ యంత్రంలోనే ప్రత్యేకమైన ఆజ్ఞలు పెట్టారు. 1977లో ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే ఉపాధ్యాయుడు యూనిక్స్ లోపలి రాతనంతా వరసవరసగా విడమరచి పాఠం రాశారు. దానివల్ల ఈ గడప సంగతి ఎందరో పిల్లలకు తెలిసింది.

ఇంతకూ గడప దగ్గర ప్రమాదమేమిటంటారా? అత్తగారికి అన్ని గదుల తాళాలూ ఉన్నాయి, అదే ప్రమాదం. కోడలు తన గిన్నె చూపించి "ఇందులో పొయ్యండి" అంటే బాగానే ఉన్నది. ఆ అమ్మాయి గడుసుదై, అత్తగారి నగల పెట్టెనే చూపించి "అదిగో ఆ పాత్రలో పొయ్యండి" అన్నదనుకోండి. కోడలు స్వయంగా ఆ పెట్టెను ముట్టుకోలేదు. కాని పరధ్యానంగా ఉన్న అత్తగారు ముట్టుకోగలదు. చెప్పినచోట పోస్తే తన పెట్టె తానే పాడుచేసుకుంటుంది. కనుక మొట్టమొదటి పని, చూపించిన పాత్ర కోడలివైపుదేనా అని చూడటం. రెండోది, గిన్నె అసలు ఉన్నదా అని. చెయ్యి చాచినచోట ఏమీ లేకపోతే కెర్నెలే తూలి పడుతుంది, మన శుక్రవారంనాటి కాపలావాడిలాగా. నిజానికి వాడిది గడప దాటించే పని కాదు, లోపలే లెక్క తప్పటం. తూలటం మాత్రం ఒకటే.

పాత యూనిక్స్‌లో దీనికి చక్కటి ఉపాయం ఉండేది. అవతలి పక్కకు చెయ్యి పెట్టేముందు, "ఒకవేళ తూలితే నన్ను ఫలానాచోట నిలబెట్టండి" అని ఒక చీటీ రాసి పెట్టుకునేవారు. తూలితే యంత్రం కూలదు, "కుదరలేదు" అన్న జవాబు మాత్రం వస్తుంది. ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు ముందే తనిఖీ చేసే పద్ధతి పెట్టుకున్నాడు. గిన్నె ఉన్నదా, చిల్లి ఉన్నదా అని ప్రతిసారీ తడిమి చూసి అప్పుడు పోయటం. దానికి తోడు ఆనాటి ఇంటెల్ 386 చిప్పులో ఒక లోపం. "ఇది చదవటానికే, రాయకూడదు" అని గుర్తుపెట్టిన పుటమీద కూడా కెర్నెలు రాస్తే అది అడ్డుచెప్పేది కాదు, పెద్దమనిషి గదా అని ఊరుకునేది! అందుకని ప్రతి పుటా ముందే చూసుకోక తప్పేది కాదు. 1989లో వచ్చిన 486లో దాన్ని సరిచేశారు.

నూటికి తొంభైతొమ్మిదిసార్లు గిన్నె బాగానే ఉంటుంది, తడిమిన శ్రమంతా దండగ. 1996లో మొదలైన లినక్స్ 2.1 వరసలో పద్ధతి మార్చారు. గిన్నె మనవైపుదా, కోడలివైపుదా అన్నది మాత్రం ముందే చూస్తారు, అది తేలిక. తక్కినది ధైర్యంగా పోసేస్తారు. ఎక్కడెక్కడ తూలే వీలున్నదో, తూలితే ఎక్కడ నిలబడాలో ఒక పట్టీ ముందే రాసి ఉంచుతారు. ఈ పనిచేసే రెంటికీ పేర్లు కాపీ ఫ్రమ్ యూజర్, కాపీ టు యూజర్. అంటే బయటివాళ్ళ దగ్గరనుంచి నకలు, బయటివాళ్ళకు నకలు. ఫోనుల్లో ఆండ్రాయిడ్ అని వింటారే, దాని లోపల ఉన్నది ఈ లినక్స్ కెర్నెలే. నా ప్రసంగం మీరు ఫోనులో వింటున్నంతసేపూ ఆ నకళ్ళు క్షణానికి ఎన్నోసార్లు జరుగుతూనే ఉంటాయి.

నకలు అనే మాట దగ్గర మా అమ్మాయిని ఆపాను. ఎందుకమ్మా నకలు? కాగితం వాళ్ళ చేతిలో ఉండగానే చదువుకుని పని చేయవచ్చు గదా? దానికి అది చెప్పిన జవాబు విన్నాక నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ సంగతి మా ఇంట్లో జరిగింది.

మా పెద్దమ్మకు చిన్నతనంలోనే పెదనాన్న పోయారు. ఇద్దరు ఆడపిల్లలు. మునేటి ఒడ్డున ఊరు. పంపకాలప్పుడు మరిది చిత్తు కాగితం తెచ్చి ఇచ్చాడు. పెద్దమ్మ అక్షరం ముక్క వచ్చినది, తానే చదువుకుంది. బావి కింద ఎకరన్నర తనకు రాసి ఉంది. సరేనన్నది. దాన్ని స్టాంపు కాగితాల మీద ఎక్కించి సాయంత్రానికి తెచ్చారు. "ఇందాక చదివారుగా వదినా, పొద్దుపోతోంది" అన్నాడు. సంతకం పెట్టింది. దస్తావేజు రిజిస్టరయింది. మరుసటేడు మిరపనారు పోయటానికి పోతే తెలిసింది, బావి కింద సర్వే నంబరు పోయి చెరువు అవతలి చౌడు ఎకరన్నర నంబరు పడి ఉన్నదని. చదివింది ఒకటి, సంతకం పెట్టింది ఒకటి. ఇంటివాళ్ళ మీద కోర్టుకు పోవటం ఇష్టంలేక పెద్దమనుషుల్లో పెడితే చివరకు బావి కింద ముప్పాతిక ఎకరం వచ్చింది. ఆ మిగతా ముప్పాతిక ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళలోనూ తెలిసింది.

కంప్యూటరులోనూ అచ్చంగా ఇదే మోసం. ఒక ప్రోగ్రాముకు చేతులు చాలా ఉంటాయి, ఒకేసారి వేర్వేరు పనులు చేస్తాయి. ఒక చెయ్యి కెర్నెలుకు కాగితం చూపిస్తుంది, పొడవు పది అని ఉంటుంది. కెర్నెలు చూసి, పదికి చోటు ఉన్నది, సరే అంటుంది. ఆ రెప్పపాటులో రెండో చెయ్యి పదిని పదివేలుగా దిద్దుతుంది. కెర్నెలు మళ్ళీ కాగితం వైపు చూసి పదివేలు పోస్తుంది. పొర్లిపోయి పక్కనున్నవన్నీ పాడు. అందుకే నియమం ఏమిటంటే, ముందు కాగితమంతా ఒక్కసారే తనవైపు నకలు తీసుకోవాలి. ఆ నకలునే తనిఖీ చేయాలి. తనిఖీ చేసిన ఆ నకలు ప్రకారమే పని చేయాలి. అవతలివాడి చేతిలోని కాగితం వైపు మళ్ళీ తిరిగి చూడకూడదు.

మన రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. దస్తావేజును కార్యాలయం పుస్తకంలోకి నకలు ఎక్కించాలని అందులో ఉంది. వెనకటి రోజుల్లో గుమాస్తాలు చేత్తో రాసేవారు. 1998 నవంబరులో మన రాష్ట్రంలో కార్డ్ అనే పథకం కింద ఆ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అసలు మన చేతికి తిరిగి వస్తుంది, పుస్తకంలోది మాత్రం ఎవరూ దిద్దటానికి లేదు. దిద్దుబాట్లు, కొట్టివేతలు ఉంటే పక్కన సంతకం ఉండాలి. రాత అయ్యాక మిగిలిన ఖాళీ జాగాలో గీత కొట్టటం కూడా మీరు చూసే ఉంటారు, ఎవరూ తరువాత ఏదీ చేర్చకుండా.

కెర్నెలూ ఖాళీలకు గీత కొట్టాలి, కాకపోతే వేరే కారణం వల్ల. అది జవాబు రాసే కాగితం కొత్తది కాదు, అంతకు ముందు ఇంకేదో రాసి వాడినది. అంగట్లో పల్లీలు పొట్లం కట్టి ఇస్తే విప్పి చూడండి, ఎవరి పిల్లవాడి పరీక్ష పేపరో, ఎవరింటి ఉత్తరమో ఉంటుంది. అట్లాగే కెర్నెలు నాలుగు ముక్కల జవాబు ఇస్తూ, మధ్యలో ఉన్న ఖాళీలు తుడవకపోతే, పాత రాతలోని రహస్యం ఒకటి బయటి ప్రోగ్రాము చేతికి పోతుంది. ఈ పొరపాటు కెర్నెళ్ళలో ఎన్నోసార్లు దొరికింది, ఇంకా దొరుకుతూనే ఉంది. ఇటువైపునుంచి నకలు సగంలో తెగినా, మిగతా సగం సున్నలతో నింపటం లినక్స్‌లో ఆచారం.

ఇంత తెలిసినవాళ్ళు కూడా తప్పు చేస్తారా? చేస్తారు. చూసినకొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది గాని, పండుగకు ఇల్లు సర్దే మనకు ఇది అర్థమవుతుంది. 2014లో ఇంటెల్ చిప్పుల్లో కొత్త గడియ ఒకటి వచ్చింది. కెర్నెలు కూడా బయటివైపు ఊరికే చెయ్యి పెట్టటానికి లేదు, గడియ తీసి, పనయ్యాక వేయాలి. ప్రతి ముక్కకూ తీయటం, వేయటం ఆలస్యం. సరే, ఒకసారి తీసి, నాలుగైదు ముక్కలు ఇచ్చి, ఒకసారి వేద్దామని సర్దారు. 2017లో అట్లా సర్దిన వాటిల్లో వెయిట్-ఐడి అనేది ఒకటి. తల్లి ప్రోగ్రాము తన పిల్ల ప్రోగ్రాము పని ముగిసిందా అని కనుక్కునేది అది. ఆ సర్దుడులో గడియ తీశారు, వేశారు, అంతా శుభ్రం. చూపించిన గిన్నె ఎవరివైపుది అని అడిగే ఒక్క వరస మాత్రం ఎగిరిపోయింది! సెప్టెంబరులో వచ్చిన 4.13లో ఆ లోపం ఉంది. అక్టోబరులో కనిపెట్టి దిద్దారు. ఆ నెల రోజులూ ఎవరైనా గడుసు కోడలు అడిగితే నగల పెట్టెలో పోసే స్థితే. 2008 ఫిబ్రవరిలోనూ ఇంకోచోట ఇదే వరస మరిచి పెద్ద అల్లరి అయింది. చివరికి 2019 జనవరిలో టోర్వాల్డ్స్, ఇక మనుషుల జ్ఞాపకం మీద వదిలితే లాభం లేదని, ఆ ప్రశ్న అడిగితే తప్ప గడియ తెరుచుకోకుండా రెంటినీ ఒకటి చేశాడు. ఈ పని పదేళ్ళ ముందే చేయకూడదా అని నాకు అనిపించింది. మా అమ్మాయి నవ్వి, "నీ వంటింట్లో గ్యాసు కట్టేయటం గుర్తుచేసే బల్లే ఇంకా పెట్టలేదు కదమ్మా" అన్నది.

గోడకే బీట వేసిన సంగతి ఒకటి ఉంది. 2018 జనవరి 3న మెల్ట్‌డౌన్ అనే లోపాన్ని బయటపెట్టారు. చిప్పులు తొందరకొద్దీ, అనుమతి ఉన్నదో లేదో తేలేలోపే కొట్టు గదిలోకి తొంగిచూసి, లేదని తేలాక ఏమీ ఎరగనట్టు వెనక్కు వచ్చేవి. కాని వేళ్ళకు అంటిన పిండి మిగిలిపోయేది. ఆ పిండిని బట్టి లోపల ఏముందో తెలుసుకోవచ్చు. దానితో అప్పటిదాకా కోడళ్ళ కంటికి కనిపిస్తూ తాళం వేసి ఉన్న కొట్టు గదిని, అసలు వాళ్ళ ఇంటి పటంలోనే లేకుండా చేయవలసి వచ్చింది.

ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు నందిగామ వెళ్ళి పెద్దమ్మను చూసివచ్చాను. డెబ్బై దాటింది, చూపు తగ్గింది. ఆ ముప్పాతిక ఎకరానికి కచేరీ నుంచి తీయించిన నకలు ట్రంకుపెట్టెలో, పసుపు గుడ్డలో ఉంది. నేను ఎప్పుడు వెళ్ళినా ఒకసారి చదవమంటుంది. సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, బావిలో వాటా, అన్నీ చదవాలి. నేను చదువుతున్నంతసేపూ కాగితం అంచు ఒకటి తన బొటనవేలి కింద నొక్కిపట్టుకుని కూర్చుంటుంది. చదవటం అయ్యాక తానే మడత పెడుతుంది, నా చేత పెట్టనివ్వదు.